చెక్క కప్పుకి స్ప్రే కొడితే కోడ్ ఒప్పుకుంటుందా?

(ఇల్లు కొనడం, కట్టడం, బాగుచేయించుకోవడం మీద అమెరికాలోని పాఠకుల ప్రశ్నలకు, కాలిఫోర్నియాలో కౌంటీ బిల్డింగ్ శాఖలో ప్లాన్ చెకర్‌గా పనిచేసి రిటైరైన మా శీర్షిక రచయిత్రి జవాబులు.)

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది శాన్ రామన్ దగ్గర 1979లో కట్టిన ఇల్లు. పైకప్పు సీడర్ చెక్క షేక్స్ (చీల్చి తీసిన మందపాటి చెక్క పలకలు). మేం కొన్నప్పుడే పాతది. పోయిన నెల ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, చెక్క కప్పు కాబట్టి పాలసీ రెన్యూ చేయమని. తెలిసినవాళ్లు ఒక కాంట్రాక్టర్‌ని పంపారు. ఆయన కప్పు మీద ఫైర్ రిటార్డెంట్ (మంటని ఆపే మందు) స్ప్రే కొట్టి, క్లాస్ ఏ సర్టిఫికెట్ ఇస్తానన్నాడు. 3800 డాలర్లట. కప్పంతా మార్చాలంటే దానికి పది రెట్లు అడుగుతున్నారు. దానికి తోడు మా హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రూల్స్‌లో ‘సహజమైన చెక్క షేక్ మాత్రమే వేయాలి’ అని ఉంది. మా ఆయన స్ప్రే కొట్టించేద్దాం అంటున్నారు. నాకేమో టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? (పేరు వేయొద్దు)

జవాబు: ముందు ఆ స్ప్రే ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పండమ్మా. ఇప్పటికే సంతకం పెట్టేశారా? ఇంట్లో కూర్చుని పెట్టిన కాంట్రాక్టును 3 పనిదినాల్లోపు రద్దు చేసుకునే హక్కు కాలిఫోర్నియాలో ఉంది, 65 దాటిన వాళ్లకైతే 5 రోజులు. ఆ గడువు చూసుకుని, రాతపూర్వకంగా పంపండి.

ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. మీ ఆయనకి కూడా చదివి వినిపించండి.

క్లాస్ ఏ, బి, సి అనేవి ల్యాబ్‌లో కప్పు ముక్కను తగలబెట్టి చూసి ఇచ్చే తరగతులు. కప్పు ముక్కని, దాని కింద ఉండే పలకతో సహా, వాలుగా కట్టి నిలబెడతారు. గంటకు 12 మైళ్ల గాలి తోలుతూ, పుల్లలు జాలీలా పేర్చి చేసిన కొరివిని అంటించి దాని మీద పెడతారు. క్లాస్ ఏ పరీక్షలో కొరివి అడుగు చదరం, 2 కిలోల బరువు. క్లాస్ బి అయితే ఆరంగుళాల చదరం, అరకిలో. క్లాస్ సి కొరివి అంగుళంన్నర ముక్క, 10 గ్రాములు కూడా తూగదు. కొరివి పూర్తిగా కాలిపోయేలోపు నిప్పు కింది పలక దాటి దిగకూడదు. కప్పు నుంచి మండే ముక్కలు ఊడి గాలిలోకి లేవకూడదు.

ఆ చివరి షరతు మీద నాకు ప్రత్యేకమైన పట్టింపు ఉంది. మాది కోనసీమ. తాటాకు ఇళ్ల వాడలో వేసవి మధ్యాహ్నం ఒక ఇల్లు అంటుకుంటే, పక్కిల్లు బాగానే ఉండి నాలుగిళ్ల అవతలిది భగ్గుమనడం అక్కడ పెరిగిన వాళ్లందరికీ తెలుసు. గాలికి రవ్వ లేచి ఎక్కడ వాలితే అక్కడే మంట. ఏళ్ల తరబడి ఎండిన సీడర్ షేక్ కూడా అంతే. పల్చటి చెక్క, మండుతూనే గాలికి లేచి వీధులు దాటిపోతుంది. 1991 అక్టోబరు 20న ఓక్లాండ్ కొండల్లో ముందురోజు ఆర్పేశామనుకున్న గడ్డి మంట మళ్లీ రాజుకుంది. 25 మంది చనిపోయారు, దాదాపు 3000 ఇళ్లు పోయాయి. ఆ కొండల్లో అప్పట్లో చెక్క కప్పులు బోలెడు. మీ ఇంటికీ ఆ కొండలకీ మధ్య దూరం ఎంతో మీకే తెలుసు.

ఇక స్ప్రే దగ్గరికి వద్దాం. మంటని ఆపే రసాయనాలు చాలావరకు నీళ్లలో కరిగేవి. అందుకే వాటితో ట్రీట్ చేసిన చెక్కకి కొరివి పరీక్ష ఒక్కటే సరిపోదన్నారు. దానికి వాన పరీక్ష కూడా పెట్టారు. 12 వారాలు, ప్రతి వారం 96 గంటలు నీళ్లు చిమ్మడం, 72 గంటలు 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఎండబెట్టడం. అంత నానిన, అంత ఎండిన చెక్కని మళ్లీ తగలబెట్టి చూస్తారు. కాలిఫోర్నియా ఇంకో మెట్టు పైకెక్కింది. 10 ఏళ్లు ఆరుబయట ఎండకీ వానకీ వదిలేసే పరీక్ష పెట్టింది. అందులో కనీసం 5 ఏళ్లు నెగ్గి, రాష్ట్ర ఫైర్ మార్షల్ జాబితాలో చేరిన చెక్క కప్పునే ఈ రాష్ట్రంలో అమ్మాలి, వేయాలి. హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్ 13132.7 సెక్షన్‌లో ఉన్న సంగతి ఇది.

ఇన్ని పరీక్షలు నెగ్గే చెక్కని ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. షేక్ కట్టల్ని పెద్ద ఇనుప సిలిండర్‌లో పెట్టి మూసి, ముందు వాక్యూమ్ పెట్టి చెక్క కణాల్లోని గాలి లాగేస్తారు. తర్వాత ద్రావణం నింపి ఒత్తిడితో లోపలికి తోస్తారు. ఆపైన బట్టీలో ఆరబెడతారు. దీన్ని ఫుల్ సెల్ పద్ధతి అంటారు. బిల్డింగ్ కోడ్ (కట్టడాల నిబంధనలు) కూడా ట్రీట్ చేసిన షేక్స్, షింగిల్స్ (రంపంతో కోసిన నున్నటి పలకలు) ఈ పద్ధతిలోనే ఉండాలని చెబుతుంది. ప్రతి కట్ట మీద తయారీదారు, ఏ క్లాస్, ట్రీట్ చేసింది ఎవరు, నాణ్యత చూసే సంస్థ ఏది అనే లేబుల్ ఉండాలంటుంది. ఇంటి మీద నిచ్చెనేసి చిమ్మిన మందు పైపైన అంటుకుంటుంది. దశాబ్దాల పాటు ఎండకి ముడుచుకుని పగిలిన మీ షేక్స్ కిందివైపుకీ సందుల్లోకీ అది పోదు. రవ్వలు చేరేదేమో ఆ సందుల్లోనే. మొదటి శీతాకాలపు వానలకి మిగిలేదెంతో ఆ కాంట్రాక్టర్ చెప్పలేడు, ఎందుకంటే మీ కప్పుని ఎవరూ 12 వారాలు తడిపి చూడలేదు. కాబట్టి అతనిచ్చే కాగితానికి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో విలువ లేదు. ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర అసలే లేదు.

‘మరి ఫ్యాక్టరీలో ట్రీట్ చేసిన కొత్త షేక్సే వేయించుకుంటే?’ అని అడుగుతారు. చట్టం ఒప్పుకుంటుంది, జాబితాలో ఉన్న సరుకైతే. ట్రీట్ చేసిన షేక్స్ సాధారణంగా క్లాస్ బి. కింద జిప్సమ్ బోర్డు గానీ, రాతిపొడి అద్దిన మందపాటి క్యాప్ షీట్ గానీ వేసి, పరీక్షలో నెగ్గిన వరస యథాతథంగా పాటిస్తే ఆ మొత్తం అమరికకి క్లాస్ ఏ వస్తుంది. వరసలో ఒక పొర తప్పినా, వేరే కంపెనీ షీట్ వేసినా ఆ రేటింగ్ పోయినట్టే. ఇదంతా ఖర్చు పెట్టి సరిగ్గా చేయించినా, ఇన్సూరెన్స్ ఫారంలో ‘కప్పు దేనితో?’ అన్న గడిలో ‘చెక్క’ అనే టిక్ పెడతారు. అక్కడితో చాలా కంపెనీలు ఫైలు మూసేస్తాయి. అందుకే అందం మీద ఎంత మోజున్నా, మీ పరిస్థితిలో నేనైతే చెక్క జోలికి పోను.

హెచ్‌ఓఏ సంగతి. వాళ్ల రూల్ చూసి భయపడకండి. కాలిఫోర్నియా సివిల్ కోడ్ 4720 ప్రకారం, ఇందాక చెప్పిన 13132.7ని ఉల్లంఘించే పద్ధతిలో కప్పు వేయమని గానీ, బాగుచేయమని గానీ ఏ హెచ్‌ఓఏ కూడా యజమానిని బలవంతం చేయకూడదు. ఇల్లు ‘వెరీ హై’ అగ్నిప్రమాద జోన్‌లో ఉంటే, నిప్పుని తట్టుకునే కప్పు ఒక్కరకమైనా వాళ్ల రూల్స్‌లో అనుమతించి తీరాలి. ఈ జోన్ల మ్యాపులు రాష్ట్ర అగ్నిమాపక శాఖ క్యాల్ ఫైర్ 2025లో కొత్తగా విడుదల చేసింది. పాత మ్యాప్‌లో లేని ఇళ్లు చాలా కొత్త మ్యాప్‌లోకి వచ్చాయి. మీ అడ్రస్ వేసి చూసుకోండి. ‘వెరీ హై’ కాకపోయినా హెచ్‌ఓఏ ఆర్కిటెక్చరల్ కమిటీకి అప్లికేషన్ పెట్టండి, ఇన్సూరెన్స్ నోటీసు జతచేయండి. వాళ్ల ఇళ్లకీ అవే నోటీసులు వస్తున్నాయి, కమిటీలో కూర్చున్నవాళ్లు కాదనడం కష్టం. షేక్ లాగే కనిపించే ఫైబర్‌గ్లాస్ ఆస్ఫాల్ట్ (తారు) షింగిల్స్ ఉన్నాయి. వాటిలో క్లాస్ ఏ దొరకడం పెద్ద విషయం కాదు.

కప్పు మార్చేటప్పుడు పాత చెక్క కప్పులతో వచ్చే చిక్కులు రెండున్నాయి, కొటేషన్‌లో ఇవి కనబడకపోతే తర్వాత ‘ఎక్స్‌ట్రా’ అంటారు. మీ షేక్స్ కింద నిండా పలక ఉండకపోవచ్చు. గాలి ఆడడానికి సందులు వదిలి చెక్క పట్టీలు కొట్టేవాళ్లు, మన పెంకుటిళ్లకి రీపర్లు కొట్టినట్టు. ఆస్ఫాల్ట్ షింగిల్స్ వేయాలంటే దాని మీద ప్లైవుడ్ గానీ ఓఎస్‌బీ (చెక్క పేళ్లు అతికించి చేసిన పలక) గానీ నిండా పరవాలి. రెండోది, ఎవరైనా కాంక్రీట్ పెంకులు చూపించి మురిపిస్తే బరువు అడగండి. చెక్క కప్పు చదరపు అడుగుకి మూడు పౌండ్లు అటూఇటూ. మామూలు కాంక్రీట్ పెంకు దానికి మూడింతలు తూగుతుంది. ఇంజనీర్ వాసాలు చూసి సరేనంటే తప్ప వద్దు. ఇంకో మాట, పాత షేక్స్ పూర్తిగా ఊడదీయించండి. వాటి మీదే కొత్తది పరిస్తే లోపల మండే సరుకుతో ఒక ఖాళీ మిగులుతుంది. మీ పైన క్లాస్ ఏ, కింద కట్టెల మోపు.

‘సగం ఈ ఏడాది, సగం వచ్చే ఏడాది చేద్దాం’ అనే ఆలోచన కూడా వచ్చే ఉంటుంది, మనవాళ్లకి తప్పక వస్తుంది. ఒక ఏడాదిలో కప్పు విస్తీర్ణంలో 50 శాతం మించి మారిస్తే మొత్తం కప్పు రేటింగ్ ఉన్నదే కావాలి. అంతకంటే తక్కువైనా, కొత్తగా వేసే భాగం మాత్రం రేటింగ్ ఉన్నదే వేయాలి. సగం చెక్క మిగిలిన కప్పు ఇన్సూరెన్స్‌కి పనికిరాదు కాబట్టి ఆ లెక్కలు వదిలేయండి.

రెన్యూ చేయనప్పుడు కంపెనీ కనీసం 75 రోజుల ముందు చెప్పాలి, అంటే మీకు కొంత టైముంది. ‘ఫలానా తేదీలోపు క్లాస్ ఏ కప్పు వేసి పర్మిట్ ఫైనల్ కాగితం (పని పూర్తయ్యాక తనిఖీ చేసి ఇచ్చేది) చూపిస్తే పాలసీ కొనసాగిస్తారా?’ అని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్లో వద్దు. కాదంటే మరో కంపెనీ వెతుకుతూనే, చివరి ఆసరాగా ఫెయిర్ ప్లాన్ అనే ఇన్సూరెన్స్ పథకం ఉంది. కాకపోతే అది ప్రధానంగా అగ్నిప్రమాదానికే, మిగతా వాటికి వేరే పాలసీ జోడించుకోవాలి. 2022లో రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్ తెచ్చిన నిబంధనల వల్ల క్లాస్ ఏ కప్పు, ఇంటి చుట్టూ 5 అడుగుల మేర మండే వస్తువులు లేకపోవడం వంటి వాటికి కంపెనీలు డిస్కౌంట్ ఇవ్వాలి. అదీ అడిగి తీసుకోండి.

రూఫర్‌కి కప్పుల పనికిచ్చే సీ-39 లైసెన్స్ ఉందా, వర్కర్స్ కాంపెన్సేషన్ (పనివాళ్లకి దెబ్బ తగిలితే ఆదుకునే బీమా) ఉందా అని లైసెన్స్ బోర్డు సైట్లో చూడండి. అడ్వాన్స్ 1000 డాలర్లు, లేదా మొత్తంలో 10 శాతం, రెండిట్లో ఏది తక్కువైతే అంతకుమించి అడగడం ఇక్కడ నేరం. ‘పర్మిట్ ఎందుకండీ, దండగ ఖర్చు’ అనేవాణ్ని గుమ్మం దాటనివ్వకండి. ఆ పర్మిట్ ఫైనల్ కాగితమే కదా మీకు కావాల్సింది. మనుషులు పైకెక్కి ఉన్నప్పుడే యాటిక్ (కప్పు కింది అటక) వెంట్లకి రవ్వలు దూరని సన్న జాలీ, గటర్లలో ఆకులు చేరకుండా మూతలు కూడా పెట్టించేయండి.

ప్రశ్న: అమ్మా, నేను తెనాలిలో హైస్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. బెల్వ్యూలో మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. ఇంత డబ్బున్న దేశంలో కోట్లు పోసి కొన్న ఇళ్లకి చెక్క పేళ్లు కప్పుకున్నారేమిటి? మనకి పెంకు, ఆపైన స్లాబు వచ్చి ఎన్నేళ్లయింది!

జవాబు: మాస్టారికి నమస్కారం. మీరున్న చోటే దానికి జవాబు మొలుస్తోందండీ. వాషింగ్టన్ రాష్ట్రం, పైన కెనడాలోని బ్రిటిష్ కొలంబియా వెస్టర్న్ రెడ్ సీడర్‌కి పుట్టిళ్లు. ఆ చెక్క నిలువునా చక్కగా చీలుతుంది, తేలిక, దానిలోని సహజ పదార్థాల వల్ల వానలో నానినా తొందరగా పుచ్చదు. చీల్చి తీసిన మందపాటి గరుకు పలక షేక్, రెండువైపులా రంపంతో కోసిన నున్నటిది షింగిల్. ఏడాదిలో దాదాపు సగం రోజులు చినుకులు పడే సియాటిల్ వైపు ఇది తెలివైన పనే. అదే చెక్కని రైళ్లలో, ఓడల్లో తీసుకెళ్లి, నెలల తరబడి వాన లేని కాలిఫోర్నియా కొండల మీద పరవడం దగ్గర వచ్చింది తంటా.

పోనీ వెంటనే బుద్ధి వచ్చిందా అంటే, లేదు. 1923 సెప్టెంబరు 17న బర్క్లీలో కొండ మీద నుంచి దిగిన మంట ఒక మధ్యాహ్నంలో 600 దాకా ఇళ్లని, భవనాలని మింగింది. కారణం చెక్క షింగిల్స్ అని అందరికీ తెలుసు, ఊరు వాటికి అడ్డుకట్ట వేస్తూ చట్టం కూడా చేసింది. ఆ చట్టం ఎక్కువకాలం నిలబడలేదు. 1961లో లాస్ ఏంజెలెస్ బెల్ ఎయిర్‌లో దాదాపు 500 ఇళ్లు, అందులో సినిమావాళ్లవీ ఉన్నాయి. లాస్ ఏంజెలెస్ నగరం చెక్క కప్పులు ఇక వద్దని తేల్చింది 1989లో. లెక్కలు మీ సబ్జెక్టో కాదో తెలియదు గానీ, తేడా మీరే తీసి చూడండి.

ప్రశ్న: నమస్తే ఆంటీ. ఫోల్సమ్‌లో ఒక ఇల్లు చూశాం. అమ్మేవాళ్లిచ్చిన వివరాల్లో ‘ఫైర్ ట్రీటెడ్ షేక్ రూఫ్, 1996’ అని ఉంది. ఏజెంట్ కూడా ట్రీటెడ్ కాబట్టి పరవాలేదంటున్నాడు. నిజంగా ట్రీట్ చేసిందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఒక ముక్క తీసి లైటర్‌తో అంటించి చూడమని మా ఫ్రెండ్ సలహా ఇచ్చాడు.

జవాబు: బాబూ, మీ ఫ్రెండ్‌ని ఆ ఇంటి దగ్గరికి తీసుకెళ్లకు. లైటర్ మంటకి అంటుకోలేదంటే అది ఆ రోజు తడిగా ఉందని కూడా అర్థం కావచ్చు. కంటితో చూసినా తేలదు. ఇన్నేళ్లు ఎండలో ఉన్నాక ట్రీట్ చేసిందీ చేయందీ ఒకే బూడిద రంగులోకి వస్తాయి.

కాగితం అడగాలి. ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో 1996 నాటి రీరూఫ్ పర్మిట్ ఉందేమో చూడు, అందులో కప్పు క్లాస్ రాసి ఉండాలి. అప్పటి ఇన్‌వాయిస్‌లో సరుకు పేరు, ఫైర్ మార్షల్ లిస్టింగ్ నంబర్ ఉన్నాయా చూడు. కొందరు యజమానులు కట్టల మీది లేబుళ్లు ఒకటో రెండో యాటిక్‌లో మేకుకి గుచ్చి పెడతారు. అలాంటి ఇంటాయన దొరికితే ఆయనకి కాఫీ ఇప్పించు. ఇవేవీ లేకపోతే ట్రీట్ చేయనిదనే లెక్క వేసుకో.

ఉన్నా కూడా ఒక ప్రశ్న అడుగు: ఈ మధ్యలో ఎవరైనా ప్రెషర్ వాషర్ పెట్టి కడిగారా? అమ్మకానికి ముందు కప్పు తళతళలాడాలని చాలామంది చేసే పని అది. నీటి ఒత్తిడికి చెక్క పైపొర లేచిపోతుంది, దానితో పాటు మందు కూడా. మధ్యలో ఊడిన షేక్స్ స్థానంలో స్టోర్ నుంచి మామూలువి తెచ్చి కొట్టారా అన్నదీ అడుగు.

కాలిఫోర్నియాలో 2010కి ముందు కట్టిన ఇల్లు ‘హై’ లేదా ‘వెరీ హై’ జోన్‌లో ఉంటే, అమ్మేవాళ్లు ఇంటికి నిప్పు భయం పెంచే లోపాలేవో తమకి తెలిసినంతవరకు రాసివ్వాలి. ట్రీట్ చేయని చెక్క కప్పు ఆ జాబితాలో పేరుతో సహా ఉంది. కాబట్టి ‘ట్రీటెడ్’ అన్నమాట ఏజెంట్ నోటితో కాకుండా ఆ ఫారంలో, అమ్మేవాళ్ల సంతకం పైన రమ్మను. సంతకం అనేసరికి జ్ఞాపకశక్తి పెరుగుతుంది.

ఇంకొకటి, ఇన్సూరెన్స్ కోట్ చేతిలోకి రాకుండా కంటింజెన్సీలు (కొనుగోలు నుంచి వెనక్కి తగ్గడానికి పెట్టుకునే షరతులు) తీసేయకు. కప్పు మార్చే ఖర్చుకి రెండు కొటేషన్లు తీసుకుని ధర దగ్గర కూర్చో.

ప్రశ్న: మేడమ్‌గారూ, న్యూజెర్సీ ఎడిసన్‌లో మాది 1980ల నాటి టౌన్‌హౌస్. యాటిక్‌లో పక్కింటి గోడ దగ్గర ప్లైవుడ్ మీద ‘ఫైర్ రిటార్డెంట్’ ముద్ర ఉంది. అంటే మా కప్పు క్లాస్ ఏ అయినట్టేనా?

జవాబు: కాదండీ, అది వేరే సరుకు. రెండిళ్ల మధ్య గోడని కప్పు పైదాకా లేపే బదులు, గోడకి అటూ ఇటూ 4 అడుగుల మేర మంటని తట్టుకునే ప్లైవుడ్ వేయొచ్చని కోడ్ అనుమతిస్తుంది. మీరు చూసింది దాన్ని. కప్పు క్లాస్ పైన వేసిన షింగిల్స్‌ని బట్టి వస్తుంది.

అయితే మీరు రాసిన దశాబ్దం చూసి ఆగాను. ఆ కాలంలో తూర్పు రాష్ట్రాల టౌన్‌హౌసుల్లో వాడిన కొన్ని రకాల ట్రీటెడ్ ప్లైవుడ్, మందులోని ఫాస్ఫేట్ రసాయనాల వల్ల యాటిక్ వేడికి లోపలే గుల్లబారింది. కొన్నేళ్లకే కప్పులు మార్చాల్సి వచ్చింది, కోర్టుల దాకా వెళ్లింది. మీ పలకలు ముదురు గోధుమరంగుకి తిరిగి, వేలితో గీకితే పొడి రాలుతుంటే ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించండి. అప్పట్లోనే అసోసియేషన్ మార్పించిందేమో రికార్డులు అడగండి. అది తేలేదాకా సోలార్ వాళ్లనీ, డిష్ వాళ్లనీ కప్పు మీద ఆ గోడ వైపు అడుగు పెట్టనివ్వకండి.